ఉత్త ట్యూబులో సందడి

పోయిన వారం మనం బేకరీ తలుపు మీద సీలు దగ్గర ఆగిపోయాం. ఆ సీలు పడటానికి కారణమైన రిపోర్టు రాసింది సాక్షాత్తూ ఆ ఇంటి కోడలేనని తెలిసి ముక్కున వేలేసుకున్న పాఠకులు ఇంకా ఆ వేలు తీసి ఉండరు. ఇప్పుడే వచ్చి కూర్చున్న వాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి కథలోకి వెళ్తాను.

అత్తగారిది ఊళ్ళో పేరున్న బేకరీ. తెల్లారేసరికి వీధి చివరిదాకా రొట్టెల వాసన రావాలి, రాకపోతే జనం గడియారం చూసుకునేవారు. కోడలిది ప్రయోగశాలలో ఉద్యోగం. పొలాల్లోనూ పొదల్లోనూ తిరిగే ఎలుకల్ని పట్టి తెప్పించి, వాటి ఒంట్లో జబ్బు తెచ్చే సూక్ష్మజీవులు ఏవైనా ఉన్నాయా, ఉంటే ఏ తెగవి అని తేల్చడం ఆమె పని. బేకరీ పిండికొట్టు వెనక ఖాళీ స్థలంలో పట్టిన ఎలుకల్లో ఆమెకి లెప్టోస్పైరా కనబడింది. అది ఎలుక కిడ్నీల్లో కాపురం పెట్టి, మూత్రంతో బయటికి వచ్చి, తడి నేలలో కాచుకుని ఉంటుంది. మనిషి కాలి పగుళ్ళలోంచి ఒంట్లోకి దూరిందంటే జ్వరం, ముదిరిందంటే కాలేయానికీ కిడ్నీలకీ ముప్పు. రిపోర్టు ఆరోగ్యశాఖకి వెళ్ళింది. మర్నాడే బేకరీకి సీలు పడింది, ఆ సాయంత్రమే అత్తగారి నోటికీ పడింది. అది కూడా ఒక్క కోడలి విషయంలోనే.

అప్పటినుంచి ఆ ఇంట్లో మాటలన్నీ మామగారి మీదుగా నడుస్తున్నాయి. అత్తగారు కింద వంటింట్లో ఉంటారు. కోడలి గది మేడ మీద. మధ్యలో మెట్లు, మెట్ల మీద మామగారు. కోడలి భర్త ఏ పక్షమూ కాకుండా ఉండటం కోసం పొద్దస్తమానం డెలివరీ వ్యాను తుడుస్తూ బయటే గడుపుతున్నాడు. ఆ వ్యాను కొన్నప్పుడు కూడా అంత మెరవలేదు.

ఆ ఉదయం మామగారు మెట్లెక్కి వచ్చి, కోడలి గది గుమ్మం పట్టుకుని కాసేపు ఊపిరి తీసుకున్నారు. వంగి పిక్కలు నొక్కుకున్నారు. కళ్ళు బాగా ఎర్రబడి ఉన్నాయి. నిద్ర పట్టలేదా మామయ్యా అని కోడలు అడిగితే, రెండు దేశాల మధ్య రాయబారం చేసేవాడికి కళ్ళు ఎర్రబడక ఏమవుతాయన్నారు. పిక్కలు మాత్రం మెట్ల పుణ్యమేనని, ఆడవాళ్ళిద్దరూ మాట్లాడుకుంటే తప్ప అవి తగ్గే మార్గం లేదని కూడా చెప్పారు. ఆయన అలా హాస్యమాడుతూంటే కోడలికి నవ్వూ వచ్చింది, గిల్టుగానూ అనిపించింది. ఆయన తెచ్చిన మాట మాత్రం చిన్నదే.

"మీ అత్తయ్య ఆ పురుగుని ఒకసారి చూడాలంటోంది. తన పొయ్యి ఆర్పినవాడి మొహం ఎలా ఉంటుందో చూడకుండా ఉండలేదట."

కోడలికి ప్రాణం లేచి వచ్చింది. అలిగిన మనిషి తనంతట తాను గడప దాటి వస్తానంటే అంతకంటే ఏం కావాలి. చూస్తే నమ్ముతారు, నమ్మితే కోపం కొంతైనా దిగుతుంది. పైగా తన పని ఏమిటో అత్తగారు ఎన్నడూ కళ్ళతో చూడలేదు, ఎలుకల కొలువు అని మాత్రం అందరికీ చెబుతూంటారు. తప్పకుండా రమ్మనండి అని కోడలు చెప్పింది. మామగారు మళ్ళీ మెట్లు దిగారు. ఈసారి గోడ పట్టుకుని దిగారు.

ప్రయోగశాల ముందు ఎండలో కడిగిన బోనులు ఆరబెట్టి ఉన్నాయి. వాటి మధ్య పీట వేసుకుని బోనుల బాబాయి స్ప్రింగులకి నూనె రాస్తున్నాడు. ఎలుకల్ని పట్టి తేవడం ఆయన వంతు. అత్తగారు వచ్చేసరికి లేచి నిలబడి, లోపలికి వెళ్ళేముందు వేసుకోవలసిన కోటూ చెప్పులూ ఇచ్చాడు. కోటు చేతులు పొడుగైతే అత్తగారు పిండి కలిపేటప్పటి అలవాటు కొద్దీ మోచేతుల పైకి మడిచేశారు. కోడలు వెనకనుంచి వచ్చి మెల్లిగా కిందికి దింపింది. అత్తగారు మళ్ళీ మడవలేదు కాని, కోడలి వైపు చూడనూ లేదు.

లోపల ట్యూబుల స్టాండులు వరసగా ఉన్నాయి. ఒక్కో ట్యూబు మీద చిన్న చీటీ, చీటీ మీద నంబరు, నంబరు పైన ఒక పేరు. అత్తగారు కళ్ళజోడు సవరించుకుని చదివారు. పెద్ద వదిన. బావమరిది. తోడల్లుడు. చిన్నత్త. ఇదేమిటని బాబాయిని అడిగారు.

బాబాయి సిగ్గుపడ్డాడు. నంబర్లు తనకి గుర్తుండవని, తనకి కోపం తెప్పించిన చుట్టాలు మాత్రం చచ్చినా మర్చిపోడని, అందుకని బోనులో పడ్డ ప్రతి ఎలుకకీ అత్తవారి వైపునుంచి ఒక పేరు పెట్టి ఏది ఎక్కడ దొరికిందో గుర్తు పెట్టుకుంటాడని చెప్పుకొచ్చాడు. పెద్ద వదిన పిండికొట్టు మూల దొరికింది, బోనులో కూడా అరుస్తూనే ఉంది. తోడల్లుడు ఎర తినేసి నిద్రపోయాడు. అత్తగారు పైకి నవ్వలేదు కాని, బోనులో పడాల్సిన పేర్లు తన దగ్గర కూడా కొన్ని ఉన్నాయన్నారు. కోడలు వినబడనట్టు మైక్రోస్కోపు సర్దింది.

ఆ మైక్రోస్కోపులో చూస్తే వెనకంతా చీకటి. ఆ చీకట్లో లెప్టోస్పైరాలు వెండి నూలు పోగుల్లా మెరుస్తాయి. చివర్లు కొక్కెంలా వంగి ఉంటాయి. తమ చుట్టూ తాము తిరుగుతూ ముందుకి వెళ్తాయి, మనసు మారితే అలాగే తిరుగుతూ వెనక్కి వస్తాయి. కోడలు చేతులకి తొడుగులు వేసుకుని పెద్ద వదిన ట్యూబులోంచి ఒక చుక్క తీసి గాజుపలక మీద పెట్టి, అత్తగారిని కూర్చోబెట్టింది.

అత్తగారు చాలాసేపు చూశారు. బేకరీ మూతపడిన నాటినుంచి ఆవిడ లోపల పేరుకున్న తిట్లన్నీ ఈ ఒక్క క్షణం కోసం దాచుకున్నవే. తీరా చూస్తే తిట్టడానికి మొహమే లేదు.

"ఇంతేనా? ఇంత సన్నటివాడా నా పొయ్యి ఆర్పింది," అన్నారు. తర్వాత కుర్చీలోంచి లేవకుండానే, సీలు పడ్డాక మొదటిసారి కోడలితో నేరుగా మాట్లాడారు. "ఏమండీ డాక్టరుగారూ, జబ్బు లేనిది ఎలా ఉంటుందో అది కూడా చూపించండి. ఇంత దూరం వచ్చాను."

డాక్టరుగారు అన్న పిలుపు చురుక్కున తగిలింది. అయినా మాట్లాడారు, అదే పదివేలు అనుకుంది కోడలు. ఉత్త ట్యూబు తెచ్చింది. సూక్ష్మజీవుల కోసం వండిన తిండి ప్రతి ట్యూబులోనూ పోస్తారు, ఎలుక కిడ్నీ ముక్క నలిపి అందులో వేస్తారు. ఒక్క ట్యూబులో మాత్రం ఏమీ వెయ్యకుండా తిండి ఒక్కటే ఉంచుతారు. తిండి శుభ్రంగా ఉందనడానికి అది సాక్షి. కోడలు ఇదంతా వివరంగా చెప్పి, కిటికీ వెలుగుకి ట్యూబు ఎత్తి చూపించింది. నీళ్ళలా తేటగా ఉంది. రిపోర్టుకి ముందు కూడా ఆమె దాన్ని అలాగే వెలుగుకి ఎత్తి చూసి, తేటగా ఉందని పక్కన పెట్టేసింది. ఇప్పుడు ఒక చుక్క తీసి కొత్త గాజుపలక మీద పెట్టింది. ఏమీ కనబడదు అత్తయ్యా, చీకటిగదిలా ఉంటుంది, అంతే అని ముందే చెప్పింది.

అత్తగారు కన్ను ఆనించారు.

"ఇందులోనూ ఉన్నాయే."

"దుమ్ము అయ్యుంటుంది అత్తయ్యా. దుమ్ము కూడా మెరుస్తుంది."

"దుమ్ము ముందుకెళ్ళి మళ్ళీ వెనక్కొస్తుందా?"

కోడలు చూసింది. గాజుపలక మార్చింది, చుక్క మార్చింది, మళ్ళీ చూసింది. పెద్ద వదిన ట్యూబులో ఉన్న సందడే, కాస్త పలచగా, ఎవరూ లేకూడని ఉత్త ట్యూబులోనూ ఉంది. వెండి పోగులు కొక్కేలు తిప్పుకుంటూ హాయిగా తిరుగుతున్నాయి.

"ఇది ఎవరి ఎలుక?" అని అత్తగారు అడిగారు.

"ఎవరిదీ కాదు అత్తయ్యా. ఇందులో ఎలుక లేదు."

ఆ మాట అంటూండగానే కోడలికి జరిగిందంతా కళ్ళకి కట్టింది. తిండి వండే నీళ్ళని ఆవిరి యంత్రంలో పెట్టి మరగబెట్టాలి. ఆ యంత్రం మూత రబ్బరు పాడైపోయింది. రిపేరు చేసేవాడు రేపు మాపు అంటూ తిప్పుతున్నాడు. ఎలుకలు వచ్చేశాయి, పని ఆగకూడదని కోడలు ఆ విడత నీళ్ళని మరగబెట్టకుండా సన్నటి ఫిల్టరులో వడకట్టి వాడింది. మామూలు సూక్ష్మజీవులన్నీ ఆ ఫిల్టరు దగ్గర ఆగిపోతాయి. కాని లెప్టోస్పైరాలు పోగంత సన్నం, మెలికలు తిరుగుతూ ఆ రంధ్రాల్లోంచి కూడా జారిపోగలవు. వాటిలో రెండు తెగలున్నాయి. ఒకటి ఎలుకల ఒంట్లో ఉండి జబ్బు తెచ్చేది. రెండోది నీళ్ళలో తన మానాన తాను బతికేది, ఎవరి జోలికీ పోదు. మైక్రోస్కోపు కింద రెండూ కవల పిల్లలే, చూసి పోల్చుకోవడం ఎవరి తరమూ కాదు. కోడలు ఇదంతా పుస్తకంలో చదివింది, పరీక్షలో రాసింది, మార్కులు కూడా తెచ్చుకుంది. తీరా సమయానికి గుర్తు రాలేదు. ట్యూబులు అంత త్వరగా పెరిగినప్పుడే అనుమానించాల్సింది. ఎలుకల తెగ నత్తనడక నడుస్తుంది, పరుగులు పెట్టేది నీళ్ళ తెగే.

ఆ క్షణంలో ఆమెకి ఒక పాడు ఆలోచన కూడా వచ్చింది, దాచను. ఈ ఉత్త ట్యూబుని సూక్ష్మజీవుల్ని చంపే మందునీళ్ళ బకెట్లో పడేస్తే ఎవరికీ తెలియదు. అత్తగారికి ఇదేమిటో అర్థం కాదు. తర్వాత ఎప్పుడో గుట్టుచప్పుడు కాకుండా పరీక్ష మళ్ళీ చేసుకుని, ఎలుకలు మాయమయ్యాయని రాసేస్తే సరిపోతుంది. ట్యూబు ఆమె చేతిలోనే ఉంది. బకెట్ ఆమె కాలి దగ్గరే ఉంది. సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయి.

"అత్తయ్యా, తప్పు నాది," అంది కోడలు. "నేను కలిపిన నీళ్ళలోంచే వచ్చాయి ఇవి. మీ ఎలుకల్లో బహుశా ఏ జబ్బూ లేదు."

అత్తగారు కేకలేస్తారని బోనుల బాబాయి రెండడుగులు వెనక్కి వేశాడు. ఆవిడ కేకలెయ్యలేదు. కోడలి మొహంలోకి తేరిపార చూసి, బహుశా అంటే ఏమిటన్నారు. చల్లపెట్టె తెరిస్తే తేలిపోతుందని కోడలు చెప్పింది. ఎలుకల తెగకి ఒంటి వెచ్చదనం అలవాటు, చలిలో పెరగదు. నీళ్ళ తెగ చలిలోనూ పెరుగుతుంది. అందుకని ప్రతి ఎలుకకీ రెండు ట్యూబులు పెట్టి, ఒకటి వెచ్చటి అలమారలోనూ రెండోది చల్లపెట్టెలోనూ ఉంచడం ఇక్కడి పద్ధతి. చల్లపెట్టె ఫలితం వచ్చేదాకా ఆగాల్సింది. ఆగలేదు.

ఆగకపోవడానికి కారణం సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని లోపలికి వచ్చారు. ప్రయోగశాల పెద్దాయన్ని అందరూ చాటుగా ఇప్పుడేగారు అంటారు. ఆయనకి ఏ పనైనా ఇప్పుడే కావాలి. ఎలుకలు ఇప్పుడే కావాలి, రిపోర్టు ఇప్పుడే వెళ్ళాలి. కోడలు ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన ఉత్త ట్యూబు చుక్కని తానూ చూశారు. గడ్డం గోక్కున్నారు. తర్వాత ఎన్నడూ లేనంత నిదానంగా మాట్లాడటం మొదలుపెట్టారు. కంగారు పడకూడదన్నారు. అన్నీ మళ్ళీ మొదటినుంచి చేద్దామన్నారు. ఆరోగ్యశాఖకి తొందరపడి చెప్పేస్తే ప్రయోగశాల పరువు పోతుందని, వచ్చే నెలో పై నెలో వీలు చూసుకుని చెప్పవచ్చని అన్నారు. కొట్టు రోజురోజుకీ ఖాతాదారుల్ని పోగొట్టుకుంటోందని, చల్లపెట్టె తెరిచి ఈ రోజే చెప్పేద్దామని కోడలు పట్టుబట్టింది.

"ఇప్పుడే చెప్పాలా అమ్మా?" అన్నారాయన.

"మూసేటప్పుడు ఇప్పుడే అన్నారు కదండీ," అన్నారు అత్తగారు.

బాబాయి కిటికీలోంచి బోనుల్ని లెక్కపెడుతున్నట్టు నటించాడు. ఇప్పుడేగారు మంచి మనిషే, తొందర తప్ప ఇంకో జబ్బు లేదు. కాసేపటికి ఆయన పెదవులు వంకర తిరిగి, చివరికి నవ్వేశారు. ఫిల్టరు చాలు, వడకట్టి కానిచ్చెయ్యమని ఆ రోజు చెప్పింది తనేనని కూడా ఒప్పుకున్నారు. పదండి, తెరవండి అన్నారు.

చల్లపెట్టె మూత తియ్యగానే చలిగాలి మొహాలకి కొట్టింది. లెప్టోస్పైరా బాగా పెరిగితే ట్యూబులో పైనుంచి కొంచెం కిందికి, పాల చుక్క పరుచుకున్నట్టు తెల్లటి ఉంగరం ఏర్పడుతుంది. అది కంటికే కనిపిస్తుంది. బాబాయి ఒక్కొక్క ట్యూబే తీసి వెలుగుకి పెట్టి, పెళ్ళిలో చదివింపులు చదివినట్టు పైకి చదివాడు. పెద్ద వదినకి ఉంగరం ఉంది. బావమరిదికి ఉంది. తోడల్లుడికి ఉంది, లావుగా ఉంది. చిన్నత్తకి ఉంది. ఉంగరం కనబడ్డప్పుడల్లా ఉంటే మంచిదా, లేకపోతే మంచిదా అని అత్తగారు అడుగుతూనే ఉన్నారు. చలిలో ఉంగరం ఉంటే అవి నీళ్ళవే అత్తయ్యా, మీ ఎలుకలకి ఏ పాపమూ తెలియదు అని కోడలు చెబుతూనే ఉంది. బేకరీ ఎలుకలన్నీ అయిపోయేసరికి అత్తగారు కుర్చీలో కూలబడి, కోటు అంచుతో కళ్ళు ఒత్తుకున్నారు. అంతలోనే నవ్వారు.

ఇప్పుడేగారు ఫోను అందుకుని ఆరోగ్యశాఖ వాళ్ళతో అక్కడికక్కడే మాట్లాడారు. అంతా విని వాళ్ళు, రాతపూర్వకంగా కాగితం అందితే రేపు వచ్చి సీలు తీసేస్తామన్నారు. ఆయన కాగితం రాయడానికి తన గదిలోకి దాదాపు పరిగెత్తారు. అత్తగారు లేచి కోడలి దగ్గరికి వచ్చారు. కోడలు తల వంచుకుని నిలబడింది.

"ఇంటికెళ్ళాక తిడతాను. ఇక్కడ నీకో మర్యాద ఉంది," అన్నారు అత్తగారు. "ఒప్పుకున్నావు కాబట్టి కొంచెం తక్కువ తిడతాను."

డాక్టరుగారు అన్న పిలుపు పోయి నువ్వు వచ్చింది. తిట్టండి అత్తయ్యా, నేనే కిందికి వచ్చి కూర్చుంటాను అంది కోడలు. పాపం మీ మామయ్య ఉద్యోగం పోయిందన్నమాట అని అత్తగారు నవ్వారు. పొయ్యి వెలిగించాక మొదటి రొట్టె బాబాయికే అని కూడా ప్రకటించారు.

బాబాయి సంతోషంగా ట్యూబుల్ని స్టాండులో సర్దుతూ, చివరగా మిగిలిన ఒకదాన్ని పనికిరాదని పక్కన పెట్టాడు. వియ్యంకుడు మాత్రం ఉంగరం పెట్టుకోలేదు డాక్టరమ్మా, చలిలో వట్టిపోయాడు అన్నాడు.

కోడలు ఆ ట్యూబు చేతిలోకి తీసుకుంది. నిజంగానే ఉంగరం లేదు, తేటగా ఉంది. తిండి పాతది. ఆవిరి యంత్రం బాగున్న రోజుల్లో, పద్ధతిగా మరగబెట్టిన నీళ్ళతో కలిపినది. ఆమె వెచ్చటి అలమార దగ్గరికి వెళ్ళి వియ్యంకుడి రెండో ట్యూబు వెతికింది. బేకరీ ఎలుకల హడావిడిలో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, అలమారలో వెనక్కి జరిగిపోయింది. వెలుగుకి ఎత్తింది. పైనుంచి కొంచెం కిందికి, సన్నటి తెల్లటి ఉంగరం ఉంది. చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. వెండి పోగులు తిరుగుతున్నాయి. ఈ తిండిలోకి నీళ్ళ తెగ వచ్చే దారి లేదు. వెచ్చదనంలో పెరిగింది, చలిలో పెరగలేదు. ఇది ఎలుకల తెగ.

వియ్యంకుడు ఎక్కడ దొరికాడని ఆమె అడిగింది. బాబాయి కాస్త విస్తుపోయాడు. మీ ఇంటి వెనక షెడ్డులోనే కదమ్మా అన్నాడు. కొత్త బోనులు పని చేస్తాయో లేదో చూద్దామని మీరే కదా అక్కడ పెట్టించారు, అందరికంటే ముందు పడ్డవాడు వాడే, పిలవకుండా వచ్చి తినేసి దర్జాగా కూర్చున్నాడని ఆ పేరు పెట్టాను అన్నాడు.

అత్తగారికి ఇంకా ఉత్సాహం తగ్గలేదు. ఆ షెడ్డులో ఇప్పుడు ఎలుక కాదు కదా చీమ కూడా లేదన్నారు. "కొట్టు మూసినప్పటినుంచి తోచక మీ మామయ్య దాని మీద పడ్డారు. చెప్పులు కూడా లేకుండా ఆ బురదలో దిగి కడుగుతూనే ఉన్నారు. అద్దంలా ఉంది."

కోడలి చేతిలో గాజుపలక ఆగిపోయింది. ఉదయం గుమ్మం పట్టుకుని నిలబడ్డ మనిషి కళ్ళముందు మెదిలారు. పిక్కలు, గోడ పట్టుకుని దిగిన మెట్లు, అన్నీ హాస్యంలో కలిసిపోయాయి. ఆ పిక్కల నొప్పి, ఆ కళ్ళ ఎరుపు ఏ జబ్బుకి గుర్తో, ఈ లెప్టోస్పైరా గురించి చదివిన పుటలోనే ఆమె చదివింది.

"అత్తయ్యా, మామయ్యకి జ్వరం ఏమైనా ఉందా?"

అత్తగారి నవ్వు మొహం మీదే ఉండిపోయింది, కళ్ళలోంచి మాత్రం పోయింది.

"నిన్న సాయంత్రం చలి అన్నారు. రెండు దుప్పట్లు కప్పాను. ఒళ్ళు కాలిపోతోంది, నీకు చెబుదామని నేనంటే, నువ్వు దానితో మాట్లాడవు కదా, ఎలా చెబుతావన్నారు," అన్నారు ఆవిడ. "మన మాటలన్నీ ఆయనే మోశారు తల్లీ. ఆయన మాట మొయ్యడానికి ఇంట్లో ఎవరూ లేకపోయారు."